బెల్లం మానబోయి మాటలు మానిన లెంటు

ఇంతవరకు ఎవరితోనూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. గిద్దలూరు మిషన్ కాంపౌండులో ఒక ఏడాది లెంటు రోజులన్నీ నేను మౌనవ్రతం పట్టానని, ఆ వయసులో అంత నిష్ఠ తాము ఎక్కడా చూడలేదని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఏ వ్రతమూ పట్టలేదు. బెల్లం మానుకుంటానని చెప్పడానికి లేచి నిలబడ్డాను, నోట మాట రాలేదు, అంతే. తక్కినదంతా నా చుట్టూ ఉన్న మంచివాళ్లు ఇటుక మీద ఇటుక పేర్చి కట్టిన మేడ. నేను చేసిన పాపమల్లా అందులోంచి దిగి రాకపోవడమే.

ఆ రోజుల్లో లెంటు అంటే మా వాళ్లకు పండుగ కంటే పెద్ద పని. భస్మ బుధవారం మొదలు ఈస్టరు దాకా నలభై రోజులు (మధ్యలో వచ్చే ఆదివారాలు ఆ లెక్కలోకి రావు) ప్రతివాళ్లూ తమకు ఇష్టమైనది ఒకటి విడిచిపెట్టాలి. మనసును ఊడ్చి శుభ్రం చేసుకోవాలి. ఇంతవరకు ఎక్కడైనా ఉండేదే. మా గుడిలో ఇంకొకటి కూడా ఉండేది. ఏది విడిచిపెడుతున్నారో బుధవారం ఆరాధనలో లేచి నిలబడి సంఘమంతా వినేటట్టు చెప్పాలి. "మనసులో మొక్కుకుంటే మనసులోనే మరిచిపోతారు" అని మా అయ్యగారు అనేవారు. అయ్యగారంటే మా పాస్టరు. తెల్లగడ్డం, సన్నటి గొంతు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేని మనిషి. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. బోర్డింగు బడిలో రెండో తరగతికి పంతులమ్మగా చేరి ఆరు నెలలయింది. నలుగురున్న చోట నోరు తెరవాలంటే నాకు చెమటలు పట్టేవి. పిల్లల ముందు మాత్రం ఎలాగో గొంతు పెగిలేది, అదీ ఆఖరి వరుసకు వినపడేది కాదు. అందుకని "నేను బెల్లం మానుకుంటానండీ" అన్న మూడు మాటలను పది రోజుల ముందు నుంచి సాధన చేశాను. బావి దగ్గర కట్టేసిన దూడకు చెప్పి చూశాను. అది చెవులు కూడా కదిపింది.

(నిజానికి నాకు ఇష్టమైనది బెల్లం కాదు, నవలలు. ట్రంకుపెట్టె అడుగున రెండు ఉండేవి, ఒకదానికి మొదటి పది పేజీలూ లేవు, రెండోదానికి చివరి ఇరవై పేజీలూ లేవు. ఆ సంగతి సంఘం ముందు చెప్పుకునే ధైర్యం ఉంటే నా బతుకు వేరేగా ఉండేది.)

ఆ బుధవారం ఒక్కొక్కరే లేచారు. సంఘపెద్ద ఒకాయన మాంసం విడిచిపెట్టాడు. ఆయన ఇంట్లో మాంసం క్రిస్మసు తర్వాత వండలేదని అందరికీ తెలుసు. కాంపౌండుకు కాపలా ఉండే కావలి తాత ముక్కుపొడి విడిచిపెట్టాడు, అయితే "డబ్బీ మాత్రం దగ్గరుంటది, వాసన జూస్తే తప్పు ల్యా" అని ముందే సర్ది చెప్పుకున్నాడు. మా బోర్డింగు వంటపెద్దమ్మ లేచింది. నల్లగా, బలంగా, ఇనుప మూకుడు లాంటి మనిషి. "నేను మా కోడల్ని తిట్టేది మానుకుంటా అయ్యగారూ" అంది. గుడి మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చింది. వెనక కూర్చున్న ఆ కోడలు కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. ఏడవడానికి కారణం సంతోషమో, భయమో తెలియలేదు. అంత పెద్ద త్యాగం తర్వాత నా వంతు వచ్చింది. లేచాను. బెల్లం అన్నది ఎంత చిన్న వస్తువో అప్పుడు తెలిసింది. పెదవులు కదిలాయి, గాలి కూడా రాలేదు. చెయ్యి దానంతట అదే నోటి మీదికి పోయింది. అయ్యగారు నన్ను చూశారు, నా చేతిని చూశారు, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాటలా అమ్మా? మాటలు విడిచిపెడుతున్నావా?" అన్నారు. కాదని చెప్పాలంటే మాట్లాడాలి. అవునని చెప్పాలంటే తల ఊపితే చాలు. ఊపి కూర్చున్నాను.

మర్నాడే పంచాయతీ పెట్టారు, నేను పాఠం ఎలా చెప్పాలని. మా దొరసానమ్మ, అంటే బడి చూసుకునే తెల్లావిడ, తెలుగును ఎవరో పాతకాలపు మునిషీ దగ్గర నేర్చుకున్నది. "ఈ చిన్నది నలువది దినములు మాటలాడకుండిన యెడల రెండవ తరగతి యేమగును?" అని అడిగింది. పాఠం చెప్పడం మాటల కిందికి వస్తుందా రాదా అని గంటసేపు తర్కం నడిచింది. "పాఠం మాట గాదు, పని" అని ఒకరు. "నోట్లోంచి వస్తే మాటే, ముక్కులోంచి వస్తే తుమ్ము" అని కావలి తాత. చివరికి సంఘపెద్ద తేల్చేశాడు: "దేవుని కాడ మొక్కిన మొక్కును మనం కోసి ఇంత మాట, ఇంత పని అని పంచేది గాదమ్మా. మొక్కితే మొక్కినట్టే." దొరసానమ్మ నా వైపు చూసింది. ఆమె దేని గురించి ఆలోచిస్తున్నదో నాకు తెలుసు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం మర్నాడు, సోమవారం, బళ్ల ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. నా పాఠం ఆమెకు నచ్చితే ట్రైనింగు స్కూలుకు పంపుతారు. నచ్చకపోతే నా ఉద్యోగం అంతటితో సరి. నాయన అప్పటికే కార్డు రాసి ఉన్నాడు, "తీసుకుంటే సరే, ల్యాకుంటే బండి కట్టుకొని వస్తా, ఇంటికి పోదాం" అని. పామూరు అవతల మా ఊళ్లో, మా ఇంట్లో అచ్చు కాగితాలు మూడే ఉండేవి: బైబిలు, పాటల పుస్తకం, చలిజ్వరానికి వేసుకునే కొయినా మాత్రల డబ్బా మీద చీటీ. ఆ చీటీ నాకు కంఠతా వచ్చు. ట్రైనింగు స్కూల్లో ఒక బీరువా నిండా పుస్తకాలు ఉన్నాయని విన్నాను. ఆ బీరువాను నేను రోజూ మనసులో తెరిచి మూసేదాన్ని.

ఇన్ని తెలిసి కూడా నిజం ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. మొదటి రోజు సిగ్గు. రెండో రోజు, మొదటి రోజు చెప్పనందుకు సిగ్గు. ఆదివారం వచ్చేసరికి అయ్యగారు నా మీద ప్రసంగమే చేశారు. పైగా, మీ దగ్గర దాచడమెందుకు, నాకు చాలా హాయిగా ఉంది. ఎవరూ నన్ను ఏమీ అడగరు. ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇస్తారు. ఆరాధన తర్వాత గుమ్మం దగ్గర నిలబడి అందరి యోగక్షేమాలూ అడగవలసిన బాధ తప్పింది. పుట్టినప్పటి నుంచి నాకున్న జబ్బుకు సంఘమంతా కలిసి తపస్సు అని పేరు పెడితే కాదనడానికి నేనెవరిని? ఆదివారాలు లెక్కలోకి రావు కనక ఆ రోజు నేను మాట్లాడవచ్చు. మొదటి ఆదివారం నేను ఏం మాట్లాడతానో విందామని ఇరవై మంది మా వరండా ముందు చేరారు. అంతమందిని చూసి నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. మధ్యాహ్నం దాకా ఆగి, "ఆదివారం గూడా నోరు దెరవలా! సెలవిచ్చినా తీసుకోలా!" అని ఒకరికొకరు చెప్పుకుంటూ వెళ్లిపోయారు. నా ఖ్యాతి ఇంకో మెట్టు ఎక్కింది.

దొరసానమ్మ మార్కాపురం మనిషి చేత నా కోసం ఒక పెద్ద పలక తెప్పించింది. గని నుంచి తీసినది తీసినట్టే చట్రం కట్టించారేమో, మోస్తే మెడ లాగేది. దాని మీద రాసి చూపిస్తూ పనులు నడిపేదాన్ని. తరగతిలో మొదటి వారం మాత్రం ప్రళయం. నేను తిట్టలేనని పిల్లలు గంటలో కనిపెట్టారు. ఒకడు నా కుర్చీ కిందే పడుకుని కోడిలా కూశాడు. రెండో వారం విసుగొచ్చి నల్లబల్ల మీద ఒక కథ మొదలుపెట్టాను. ఒక నక్క రైలు ఎక్కి నంద్యాల పోవాలనుకున్న కథ. నోటితో చెప్పే వీలు లేదు కనక ఒక వాక్యం రాసి, సుద్దముక్క కింద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని. చదువు వచ్చిన ఇద్దరు ముగ్గురు చదివి పగలబడి నవ్వేవాళ్లు, రానివాళ్లు వాళ్ల చొక్కాలు పట్టుకుని గుంజేవాళ్లు. "ఏముందిరా? నక్క ఏం జేసిందిరా?" "చెప్పను పో, నువ్వే సదువుకో!" నక్క స్టేషను చేరేసరికి తరగతిలో సగం మందికి గుణింతాలు వచ్చాయి. టిక్కెట్టు లేదని గార్డు దాన్ని దింపేసేసరికి (అందుకు వారం పట్టింది) కోడికూత పిల్లవాడు కూడా వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతున్నాడు.

సాయంత్రాలు వేరే కథ. లెంటు మొదలైన నాలుగో రోజున వంటపెద్దమ్మ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. ముఖం ఉబ్బి ఉంది. "పాపా, నువ్వు ఎట్లా మాట్లాడవు గదా?" అంది. తల ఊపాను. "అయితే ఇట్ల కూసో. నిన్ను గాదులే, మా కోడల్ని అంటున్నా. నువ్వు ఊరికే ఇను" అని నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని మొదలుపెట్టింది: "ఏమే! నీళ్లకు పోతే నీళ్లు పుట్టిందాకా ఆడనే నిలబడతావా? నీ చేతులకు ఎముకలుండాయా, కొర్రగంజి పోసి కుట్టినారా? తల దువ్వను పూట పట్టె, చట్టి తోమను పూట పట్టె, నీకు దినానికి ఎన్ని పూటలే?" పావుగంట. ఆమె ముఖంలో రక్తం మళ్లీ ఆడింది. లేచి నా తల నిమిరి, "బంగారు తల్లివి" అని వెళ్లిపోయింది. అది మొదలు రోజూ. నా డైరీలో ఆ నెల పేజీలు ఇప్పటికీ ఉన్నాయి: "ఈ రోజు వంటపెద్దమ్మ నన్ను ఇరవై నిమిషాలు తిట్టింది. ఆమెకు మనసు కుదుటపడింది." "ఈ రోజు నేను బెండకాయలు ముదరబెట్టాను." "ఈ రోజు నేను పుట్టింటికి పోతానని అలిగాను." ఆ కోడలి మీద నాకు ఎంత జాలి కలిగిందంటే, తిట్లు తింటున్నది నేనేనన్న సంగతి ఒక్కోసారి మరిచిపోయేదాన్ని.

గొర్రెల తాత వచ్చింది మూడో వారంలో. రాచర్ల వైపు నుంచి మందను తోలుకుని వచ్చే ముసలాయన, భుజాన గొంగడి, చేతిలో ఆయనకంటే పొడవైన కర్ర. ఆయనది ఒక గొర్రె తప్పిపోయింది, చుక్కమూతిదట. ఎవరో ఎత్తుకుపోయారని అనుమానం. పోలీసులకు అర్జీ రాయించుకుందామని అయ్యగారి కోసం వచ్చాడు. (తాలూకా కచేరీకి పోయే అర్జీల్లో సగం మా అయ్యగారి చేతిరాతే.) అయ్యగారు పల్లెల మీద బండి కట్టుకుని పోయి ఉన్నారు. నేను వరండాలో ఉన్నాను. పలక మీద "అయ్యగారు ఊళ్లో లేరు. సోమవారం రండి" అని రాసి చూపించాను. తాతకు చదువు రాదు. ఆ సంగతి నాకు తట్టలేదు. ఆయన పలకను చూశాడు, నన్ను చూశాడు. "ఈ పాప మాట్లాడదా?" అని వంటపెద్దమ్మను అడిగాడు. "మొక్కుంది. నలభై దినాలు నోరు దెరవదు" అని వంటింట్లోంచి జవాబు వచ్చింది. తాత తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. పలకను రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. దాని మూల రైలు కట్ట వైపు తిరిగి ఉన్నదని గమనించి, అటే నడిచి వెళ్లిపోయాడు. రైలు కట్ట పక్కన ముళ్లకంపలో చిక్కుకుని చుక్కమూతి గొర్రె ఉన్నది.

మర్నాడు పొద్దున్నే పాతిక నిమ్మకాయలు తెచ్చి నా ముందు పోశాడు. "తల్లీ, ఆ అచ్చరాలు కాయితం మీద రాసియ్యి, గొర్రె మెడకు కడతా." అడ్డంగా తల ఊపాను. "ఒక గొర్రెకు చాలదంటావా? నిజమే, మందకంతా రాసియ్యి" అన్నాడు. కంగారుపడి పలక తిప్పి రెండో వైపున "ఇవి మంత్రాలు కావు" అని రాశాను. తాత దాన్ని చాలాసేపు శ్రద్ధగా చూశాడు. "ఇది వేరేది మాదిరుందే. ఎద్దులకా?" అన్నాడు. వంటపెద్దమ్మ నా కాపీ పుస్తకంలోంచి కాగితాలు చింపి ఇచ్చింది, నేను ఒక్కదానిమీదా గీత గియ్యలేదు. అక్కరలేకపోయింది. నా తరగతి పిల్లలే కూర్చుని పలక రెండు వైపులా చూసి అచ్చుగుద్దినట్టు దింపి ఇచ్చారు. వారం తిరిగేసరికి రాచర్ల దారిలో గొర్రెలు "అయ్యగారు ఊళ్లో లేరు. సోమవారం రండి" అన్న చీటీలతో, ఎద్దులు "ఇవి మంత్రాలు కావు" అన్న చీటీలతో తిరగసాగాయి. పల్లెల నుంచి తిరిగి వస్తున్న అయ్యగారి బండికి ఆ మందే ఎదురైందట. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒకటి చదివి, ఇంకొకటి చదివి, "నేను ఊళ్లో లేని సంగతి ఇంతమందికి తెలుసునని నాకు తెలియదు" అన్నారట. తాతను నిలబెట్టి అందులో రాసింది ఏమిటో విడమరిచి చెప్పారు కూడా. తాత ఏమీ జంకలేదు. "అది సరే సామీ, నువ్వు ఊళ్లో లేనప్పుడే గదా గొర్రె దొరికింది? ఉండుంటే అర్జీ రాపిచ్చుకొని ఇంటికి పోయేవాణ్ణి" అన్నాడు. అయ్యగారు బండి తోలమన్నారట.

ఇలా నవ్వులాటగా నడిచిన లెంటులో నాలుగో వారంలో నాకు ఒకటి జరిగింది. దాన్ని నవ్వుతూ చెప్పలేను. తరగతిలో వెనక మూల కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. నాలాంటిదే, ఎప్పుడూ గొంతు విప్పదు. ఆ రోజు ఆ పిల్ల పలక మీద నక్క కథకు తన సొంత వాక్యం ఒకటి రాసి, తల వంచుకుని తెచ్చి నా ఒళ్లో పెట్టింది: "నక్కకు వాళ్ల అమ్మ గ్యాపకం వచ్చింది." చాలా బాగుందమ్మా అని చెప్పాలి. ఆ మాట నా గొంతులోకి వచ్చి ఎముకలా అడ్డం పడింది. జీవితంలో మొదటిసారి నాకు మాట్లాడాలనిపించింది, మాట్లాడకూడదు. తల నిమిరాను గానీ ఆ పిల్ల నా పెదవుల వైపే చూసి, కాసేపు ఆగి, తన చోటికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఖాళీ గుడిలో కూర్చుని ఆలోచించాను. ఇన్నేళ్లుగా నా మౌనాన్ని అణకువ అనుకున్నాను. అది పిసినారితనం. ఇంతమందికి ఇవ్వవలసిన మంచిమాటలు ఎవరికీ ఇవ్వకుండా పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాను. ఆ రోజు నుంచి నేను నిజంగానే లెంటు ఆచరించాను. మిగిలిన రోజులు ఆకలి తెలిసింది.

మట్టల ఆదివారం దాటింది. సోమవారం ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన పొడవాటి మనిషి, గంజి పెట్టిన తెల్లచీర, బంగారు చట్రం కళ్లద్దాలు, పుస్తకంలో అచ్చేసినట్టుండే తెలుగు. ఆమె నా చేత బలవంతాన మాట్లాడిస్తుందని పుకారు పుట్టి, నా మొక్కును కాపాడడానికి ఊరు ఊరే వచ్చింది. బడి కిటికీలు రెండూ ముఖాలతో నిండిపోయాయి. సంఘపెద్ద, కావలి తాత, వంటపెద్దమ్మ, ఆమె కోడలు, చుక్కమూతి గొర్రెను చంకన పెట్టుకుని గొర్రెల తాత, వాళ్ల ముందు చేతులు నలుపుకుంటూ అయ్యగారు. ఇన్‌స్పెక్టరమ్మ వాచకం తెరిచి ఒక పిల్లను చదవమంది. గడగడ చదివింది. ఆమె పెదవి విరిచింది. "కంఠస్థం. ప్రతి బడిలోనూ ఇదే. పుస్తకం మూసినా చదువుతారు. ఎన్నడూ చూడనిది ఏదైనా చదివించండి" అంది. చుట్టూ చూసింది. కిటికీలో గొర్రె కనిపించింది, దాని మెడలో చీటీ కనిపించింది. "అది చదువు" అంది.

లేచింది కోడికూత పిల్లవాడు. చీటీ సరిగ్గా కనపడక గొర్రె గడ్డం పట్టుకుని పైకెత్తి, "అ-య్య-గా-రు ఊ-ళ్లో లే-రు. సో-మ-వా-రం రం-డి" అని చదివాడు. ఇన్‌స్పెక్టరమ్మ కిటికీ దాకా నడిచి వెళ్లి స్వయంగా చదువుకుంది. "ఎవరీ అయ్యగారు?" "నేనేనండీ" అన్నారు అయ్యగారు. "ఊళ్లోనే ఉన్నారు కదా?" "ఇవాళ సోమవారం కదండీ" అన్నారాయన. ఇన్‌స్పెక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ తర్వాత నల్లబల్ల మీదున్న నక్కను ఒక్కొక్కరి చేతా చదివించింది. తరగతి మొత్తం చదివింది. వెనక మూల పిల్ల కూడా, సన్నగా, తప్పు లేకుండా చదివింది. ఇన్‌స్పెక్టరమ్మ నా వైపు తిరిగింది. "పిల్లలకు చదువు బాగా వచ్చింది. కానీ ట్రైనింగుకు పంపాలంటే పంతులమ్మ గొంతు నేను వినాలి. అది నిబంధన. నాలుగు మాటలు మాట్లాడండి."

కిటికీల్లో గోల లేచింది. "అయ్యో, మాట్లాడగూడదమ్మా!" "ఈస్టరు దాకా ఓపిక పట్టరాదా?" "పట్నపోళ్లకు మొక్కుల సంగతి ఏం దెల్సు!" దొరసానమ్మ లేచి, "అమ్మా, ఈమె మ్రొక్కుబడిలో నున్నది" అంటూ నాకు అడ్డంగా నిలబడింది. ఇన్‌స్పెక్టరమ్మ కలం మూత పెట్టేసింది. "అయితే వచ్చే సంవత్సరం చూద్దాం" అంది. వచ్చే సంవత్సరం నేను పామూరు అవతల కొయినా డబ్బా చదువుకుంటూ ఉంటాను. అప్పుడు అయ్యగారు చెయ్యెత్తారు. వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నారు. "ఆగండి ఆగండి. లెంటులో ఆదివారాలు సెలవు. కానీ ఈ అమ్మాయి ఏ ఆదివారమూ సెలవు తీసుకోలేదు. మీరంతా సాక్షులు. బుధవారం మొదలు ఆదివారాలతో సహా లెక్క చూస్తే నలభై రోజులు..." ఆయన రెండో చేతి వేళ్లు కూడా ముగించారు. "...నిన్నటితో నిండినాయి!" అందరూ తమ తమ వేళ్లు లెక్కపెట్టుకున్నారు. గొర్రెల తాత గొర్రె కాళ్లు కూడా కలిపి లెక్కపెట్టాడు. సరిపోయింది. "అయితే మాట్లాడొచ్చు!" అన్నాడు సంఘపెద్ద.

ఎనభై కళ్లు నా మీద వాలాయి. మళ్లీ భస్మ బుధవారమే. నిలబడ్డాను, పెదవులు కదిలాయి, గాలి లేదు. "మాట్లాడు పాపా!" "గట్టిగా!" "మొదట ఏసయ్య పేరు చెప్పు!" "నీళ్లియ్యండే!" "తోసుకోబాకండి, గొర్రె నలుగుతాది!" పిల్లలు బెంచీలెక్కారు. నలభై రోజులుగా నా చెవుల్లో పడిన భాష ఒక్కటే. గట్టిగా మాట్లాడడం అంటే ఏమిటో నాకు తెలిసిన పద్ధతీ అదొక్కటే. నా ప్రయత్నం ఏమీ లేకుండా, నాభిలోంచి, ఎవరిదో గొంతు లేచింది: "ఏందే ఆ సంత! పొద్దున లేసి మొగం కడిగినోళ్లు మనుషుల మాదిరి నిలబడలేరా? మీ ఒంట్లో ఎముకలుండాయా, కొర్రగంజి పోసి కుట్టినారా? నిలబడను పూట పట్టె, నోరు మూయను పూట పట్టె, మీకు దినానికి ఎన్ని పూటలే? దిగండి బెంచీలు!"

పిల్లలు దిగారు. కిటికీ పట్టుకుని వేలాడుతున్న సంఘపెద్ద కూడా దిగాడు. ఇన్‌స్పెక్టరమ్మ తెలియకుండానే కుర్చీలో కూర్చుంది. కిటికీలోంచి వంటపెద్దమ్మ గొంతు వినపడింది: "అయ్యో దేవుడా, అయి నా మాటలు!" ఆమె పక్కన కోడలు కొంగు నడుముకు దోపింది. "అట్నా అత్తా! నన్ను తిట్టేది మానుకున్నావని నేను దినామూ నీకోసరం ప్రార్థన జేస్తాంటే, అన్నీ ఈడ దాసిపెడ్తాండావా?" అంది. అని, ఆపుకోలేక నవ్వేసింది. అత్త కూడా నవ్వింది. ఇన్‌స్పెక్టరమ్మ కలం మూత తీసింది. ఆమె పుస్తకంలో రాసింది దొరసానమ్మ తర్వాత నాకు చూపించింది: "కంఠస్వరం స్పష్టము. తరగతిపై అదుపు అసాధారణము. ట్రైనింగునకు పంపవచ్చును." గొర్రెల తాత మాత్రం అయ్యగారి చెయ్యి పట్టుకుని, "సామీ, ఇప్పుడు ఆ తల్లి అన్నది ఒక కాయితం మీద రాసియ్యి, మా ఇంటోళ్లకు కడతా" అని బతిమాలుతూ ఉన్నాడు. జనం వెళ్లిపోయాక వెనక మూల పిల్ల దగ్గరికి వెళ్లి, రెండు వారాలు ఆలస్యంగా, నేను ఇవ్వవలసిన మాట ఇచ్చాను. ఆ పిల్ల "నాకు దెల్సు" అంది.

వేసవి సెలవులు కాగానే ట్రైనింగుకు బయలుదేరాను. నాయన బండి కట్టుకుని వచ్చాడు, ఇంటికి కాదు, గిద్దలూరు స్టేషనుకు నా ట్రంకుపెట్టె మోయడానికి. ఈ పదేళ్లలో ఎన్నో తరగతులకు పాఠాలు చెప్పాను. ఇప్పటికీ నలుగురిలో లేవాలంటే గొంతు ఎండుతుంది. కాగితం మీద మాత్రం, చూస్తున్నారుగా, ఆపడం కష్టం. ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల ఎప్పుడైనా ఎదురుపడితే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక బెల్లం ముక్క పెట్టి, ఏమీ మాట్లాడించకుండా కాసేపు చూడాలని ఉంటుంది. వంటపెద్దమ్మను నేను మళ్లీ చూడలేదు. మొదటి సెలవులకు వచ్చేసరికే ఆమె పోయింది. ఆఖరి రోజుల్లో కోడలే ఒళ్లో తల పెట్టుకుని గంజి తాగించిందట. నేను ట్రైనింగుకు బయలుదేరిన ఆ పొద్దు స్టేషనులో రైలు కదులుతుంటే, వంటపెద్దమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని నాలుగడుగులు రైలుతో పాటు నడిచింది.

"జాబు రాయి పాపా. నాకు సదువు రాదనుకోవద్దు, నీ పిల్లోళ్లు సదివి పెడతారు. పెద్ద అచ్చరాలతో రాయి. అన్నీ మాత్రం రాయొద్దు, మా కోడలు గూడా ఇంటది."